సముద్రగుర్రానికి తోడెవరు?

సముద్రగుర్రాన్ని గాజు తొట్టిలో పెంచేందుకు తెచ్చుకున్నవాళ్లకు ముందుగా వచ్చే ఆలోచన, దాని పక్కన ఏ చేపలు బాగుంటాయని. అందం చూసి తోడు వెతికితే బెడిసికొడుతుందని నా అభిప్రాయం. చూడాల్సింది తిండి దగ్గరి వేగం. దీనికి పళ్లు లేవు, జీర్ణాశయమూ లేదు. తిన్నది త్వరగా పేగులు దాటిపోతుంది కనుక రోజుకు రెండు మూడు సార్లు మేత పడాలి. మైసిస్ రొయ్య ఒకటి తేలివస్తే, తోకతో కొమ్మను చుట్టుకుని, ఒక్కో కన్నూ విడిగా తిప్పుతూ దాన్ని తేరిపార చూస్తుంది. మూతి దగ్గరకు వచ్చాక గానీ టక్కున పీల్చదు. ఆలోపే ఏ క్లౌన్ చేపో దాన్ని తన్నుకుపోతుంది. ఎవరూ కరవకుండానే పాపం ఇది చిక్కిపోతుంది.

సముద్రంలో అన్ని చేపల మధ్యే బతుకుతోంది కదా అనవచ్చు. నిజమే, కానీ అక్కడ తప్పుకునే చోటుంది, మేత రోజంతా దొరుకుతుంది. గాజు గోడల మధ్య ఆ రెండూ లేవు. దగ్గరి చుట్టమని పైప్‌ఫిష్‌ను వేద్దామంటే, సముద్రంలో పట్టినవి రోగాలు మోసుకురావచ్చు. పీతలు, కుట్టే ఎనిమోన్లు అసలే వద్దు. నత్తలు, ఒకటి రెండు చిన్న గోబీ చేపలు చాలు. అవి కూడా 23 డిగ్రీలు దాటని నీటికి ఓర్చుకునేవై ఉండాలి. నీళ్లు వెచ్చబడితే విబ్రియో బ్యాక్టీరియా విజృంభిస్తుంది. మన దేశంలో 2001 నుంచి సముద్రగుర్రాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. కాబట్టి ఈ మాటలన్నీ అమెరికా లాంటి చోట్ల, తొట్లలోనే పుట్టిన పిల్లల్ని కొనేవాళ్లకు. అవి గడ్డకట్టించిన మైసిస్ తినడం నేర్చుకునే వస్తాయి. సముద్రంలో పట్టినవి చాలావరకు బతికున్న మేతే కోరతాయి.