పౌరుషగ్రంథి

నాన్న రిటైరైన తెలుగు పండితుడు. ప్రోస్టేట్ అనగానే "అంటే పౌరుషగ్రంథే కదరా" అన్నాడు. పాఠ్యపుస్తకాల్లో తప్ప ఎక్కడా కనబడని మాట. గ్రీకు మూలంలో ప్రోస్టేట్ అంటే ముందు నిలబడేది అనే, అందులో మగతనం ఊసు లేదు. మూత్రాశయం కింద అక్రోటు కాయంత ఉండే గ్రంథికి ఈ పేరు పెట్టినాయన ఎవరో గానీ, బయాప్సీ రిపోర్టు వచ్చాక ఆలమూరులో మా నాన్నకి రెండు రాత్రులు నిద్ర లేకపోవడానికి సగం కారణం ఆయనే.

తొలి దశ. గ్రంథి దాటి బయటికి పాకలేదు. ఇప్పుడే ఏమీ చెయ్యకుండా, పీఎస్ఏ చూసుకుంటూ ఉండటం కూడా ఒక దారేనని డాక్టరు గట్టిగానే చెప్పారు. నాన్న వినలేదు. "పాముందని తెలిసిన ఇంట్లో పడుకోమంటారేంట్రా?" ఇక మిగిలినవి ఆపరేషన్, బయటి నుంచి రేడియేషన్, బ్రాకీథెరపీ.

బ్రాకీ అంటే పొట్టి, దగ్గర. కిరణాన్ని బయటి నుంచి కొట్టకుండా, దాని మూలాన్నే తీసుకెళ్ళి గ్రంథిలో పెట్టడం. ఈ ఆలోచన 1901లోనే పియరీ క్యూరీకి వచ్చింది. 1903లో, టెలిఫోన్ గ్రాహంబెల్ కూడా గాజుగొట్టంలో రేడియం పెట్టి కంతిలో దించవచ్చు కదా అని ఒక డాక్టరుకి ఉత్తరం రాశాడు. నేను గీసిన గ్రాఫులేవీ నాన్నకి ఎక్కలేదు. కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి, కర్నూలులో వైద్యం చదివి, న్యూయార్క్‌లో ఈ వైద్యంలోనే పేరు తెచ్చుకున్న నోరి దత్తాత్రేయుడు గారి సంగతి చెప్తే మాత్రం "మనవాడేనా!" అని కుదుటపడ్డాడు.

శాశ్వతంగా గింజలు పెట్టే పద్ధతి మన దేశంలో కొద్ది చోట్లే ఉంది. ముంబై వెళ్ళాం. అక్కడి డాక్టరు ఇంగ్లీషులో అడిగారు: దాంపత్య జీవితం ఎలా ఉంది, ఆ సామర్థ్యం కొంత తగ్గొచ్చు, మీకు సమ్మతమేనా అని. నాన్నకి తెలుగులో చెప్పాల్సింది నేను. రోజూ క్లయింట్ కాల్స్‌లో వాగే నోరు పెగల్లేదు. తెలుగులో ఆ సంగతికి నాకు తెలిసినవి రెండు భాషలు, ఒకటి ప్రబంధాలది, రెండోది బూతు. కొడుకు తండ్రితో మాట్లాడే భాష ఏదీ నా దగ్గర లేదు. "మూత్రానికి కొంచెం ఇబ్బంది ఉంటదంట నాన్నా" అన్నాను.

"ఆయన అడిగింది అది కాదురా. నేను తెలుగు మేష్టార్నేగానీ చెవిటివాణ్ణి కాదు." డాక్టరు వైపు తిరిగి "ఐ అండర్‌స్టాండ్ సార్. ఓకే" అన్నాడు. బయటికొచ్చాక, బెంచీ మీద కూర్చుని చెప్పాడు, "మీ అమ్మా నేనూ మాట్లాడుకునే వచ్చాం."

మత్తిచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, చిల్లుల పలకలోంచి సూదులు దించి, బియ్యపు గింజకన్నా చిన్న టైటానియం గింజలు ఎనభై పైచిలుకు పెట్టారు. లోపల అయోడిన్-125. "వరసల్లో నాటారన్నమాట" అన్నాడు నాన్న. రెండు నెలలకోసారి దాని బలం సగమవుతుంది. పదిసార్లు సగమైతే వెయ్యో వంతు, అంటే ఇరవై నెలలు. ఆ లెక్క మా వృత్తివాళ్ళకి నోటికొచ్చు. ఎక్కడైనా గింజ జారి పడుతుందేమోనని కొన్ని రోజులు మూత్రం వడకట్టి చూడమన్నారు. అమ్మ కొత్త టీ జల్లెడ కొని, దానికి ఎర్ర దారం కట్టింది, పొరపాటున వంటింట్లోకి రాకుండా.

రెండు నెలలు చిన్నపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దన్నారు. వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని మేమూ ఆలమూరులోనే ఉన్నాం. మా పాపకి మూడేళ్ళు, తాత ఒళ్ళోనే అన్నం తినేది. నాన్న అరుగు మీద సుద్దముక్కతో గీత గీశాడు. అటు ఆయన, ఇటు అది. మొదటి వారం ఏడ్చింది. తర్వాత గీత ఇవతల నుంచే కథలు చెప్పించుకునేది. వానకి గీత చెరిగిపోతే మళ్ళీ గీసేవాడు.

అరవయ్యో రోజు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. పాప గీత ఇవతలే ఫోన్ చూసుకుంటోంది. నాన్న పిలవలేదు. అమ్మే వచ్చి, తడిగుడ్డతో గీత తుడిచింది.