మేము చూడని పక్షి

మా చెల్లెలి కోడలు హైదరాబాదునకు సమీపమున తోటయిల్లు కట్టించుకొనుచున్నది. మొన్న మాఘమాసమున ఆమె మాకిట్లు వ్రాసినది: "పెద్దత్తయ్యగారూ! మీరు హిమాలయ ప్రాంతమున కొన్నియేండ్లు కాపురముంటిరి గదా. మా తోటలో పెంచుకొనుటకు ఒక ఫెజెంట్ల జంటయు, వీలయినయెడల ఒక హార్న్‌బిల్లుల జంటయు ఎచ్చట దొరకునో విచారించి తెలుపుడు. ఎంత ఖర్చయినను సరే." పిల్ల ముచ్చటపడి అడిగినది, కాదనుటకు మనసొప్పలేదు. అవుననుటకు అంతకంటెను ఒప్పలేదు. ఆమెకు మేము వ్రాసిన సమాధానమును మీకును వినిపింపదలచితిమి.

ఫెజెంట్లనగా మన నెమలికిని, అడవికోడికిని జ్ఞాతులైన పక్షులు. ఆసియాఖండపు కొండలలోను అడవులలోను వీనిలో పెక్కు తెగలు కలవు. హార్న్‌బిల్లు వేరు జాతి. దాని పెద్ద ముక్కుపై కొమ్మువంటి దిమ్మ యుండును. బూడిదవన్నె గల చిన్న హార్న్‌బిల్లు మన తెలుగుదేశమునందును కలదు. మాకు మొదట పరిచయమైనది అదియే.

1966వ సంవత్సరమున మేము రాజమహేంద్రవరమున చిన్నపిల్లలము. మన్యమునుండి వచ్చిన యొకడు గంపలో ఒక హార్న్‌బిల్లు పిల్లను తెచ్చి వీధిలో అమ్మజూపెను. మా నాయనగారు దానిని రెండు రూపాయలకు కొనిరి. చిలుకల పంజరము చాలక వడ్రంగిచేత పెద్దది చేయించిరి. అరటిపండు, అన్నపు ముద్ద, తోటలోని మేడిపండ్లు పెట్టెడివారము. ముక్కుకొనతో పండును పట్టి, పైకెగురవేసి, నోటబట్టి మ్రింగుట చూచి వీధిలోని పిల్లలందరు చప్పట్లు కొట్టెడివారు.

మూడవయేట దానికొక క్రొత్త యలవాటు కలిగినది. పెట్టిన పండును తినక ముక్కుకొనతో పట్టుకొని, పంజరపు కమ్ములసందున మావంక చాపుచుండెను. మేము పుచ్చుకొనకున్న మరల మరల చాపుచుండెను. "దానకర్ణుడు" అని దానికి పేరుపెట్టి ఇంటిల్లిపాదియు నవ్వితిమి. మరుసటి శ్రావణమాసపు ముసురులో, ఒక ఉదయమున, కర్ణుడు పంజరమడుగున పడియుండెను. మా అమ్మగారు పెరటిలో మల్లెపొద ప్రక్కన పాతిపెట్టించిరి.

ఆ దానమునకు అర్థము మాకు నలువదియేండ్లకు గాని తెలియలేదు. హార్న్‌బిల్లుల దాంపత్యము విచిత్రమైనది. గ్రుడ్లు పెట్టు కాలమున ఆడుపక్షి చెట్టుతొర్రలో ప్రవేశించి, తన రెట్టతోను మట్టితోను ద్వారమును మూసికొని, సన్నని చీలికను మాత్రమే విడుచును. లోపల దాని రెక్కల యీకలు రాలిపోయి క్రొత్తవి మొలచును. అన్ని దినములును మగపక్షియే పండ్లు తెచ్చి ఆ చీలికగుండ అందించును. కావుననే తోడును కోరు మగపక్షి ముందుగా పండు నోటగరచి ఆడుదానికిచ్చి చూచును. మా కర్ణుడు మమ్ము నవ్వించుటకు పండు చాపలేదు. అది ఎన్నడును తన జాతిపక్షిని చూచి యెరుగదు. కమ్ములావల నిలిచిన మమ్మే తన తోడనుకొన్నది.

ఇంకొక సంగతి తలచుకొన్న మరింత బాధ. ఆ పిల్లను తెచ్చినవాడు తల్లి కట్టుకొన్న గోడను పగులగొట్టియే తెచ్చియుండవలెను. ఈకలు రాలిన తల్లి ఎగిరిపోజాలదు. దానినేమి చేసెనో మా నాయనగారు అడుగలేదు. మాకును అడుగవలెనని తోచలేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట ఇట్టి పక్షులను ఇంట నుంచుకొనుట నేరమైనది. మంచి పనియే జరిగినది.

మరి యెవ్వరును పెంచనేకూడదా యని మీరడుగవచ్చును. ఇందుకు మేము హిమాచల ప్రదేశమున నేర్చుకొన్న పాఠము చెప్పెదము. మావారి యుద్యోగరీత్యా సట్లెజ్ నదీతీరమున, రాంపూరు సమీపమున ఉన్న దినములలో, ఒక వైశాఖమాసమున సరాహనులోని భీమాకాళి యమ్మవారి దర్శనమునకు పోతిమి. ఆ యూర ఫెజెంట్లను పెంచు ప్రభుత్వకేంద్రము కలదు. అందు జుజురాణా యను పక్షిని పెంచుచున్నారు. జుజురాణా యనగా పక్షులకు రాజు. లోకములోని ప్రతి పక్షియు ఒక్కొక్క యీక నిచ్చి దానిని అలంకరించెనని అచ్చటివారు చెప్పుకొందురు. నల్లని మేనిపై తెల్లని చుక్కలు, ఎర్రని మెడ. హిమాచలమునకు అదియే రాష్ట్రపక్షి.

మేము పండ్లసంచితో పోగా కాపలాదారు లోనికి పోనీయలేదు. "ఇది జతకట్టు కాలమమ్మా. మనిషిని చూచి బెదరుటయే దీనికి ప్రాణరక్ష. ఆ బెదురు పోయినచో రేపు అడవిలో బ్రతుకలేదు" అనెను. అంతదూరము పోయి రిక్తహస్తములతో తిరిగివచ్చుట మాకు చిన్నతనముగా తోచినది. వెనుకకు తిరుగునంతలో ఆవరణలోని చెట్లమాటునుండి, తప్పిపోయిన మేకపిల్ల అరచినట్టి కేక యొకటి వినబడెను. అదియే జుజురాణా. మేము విన్నదింతియే; చూచినది లేదు.

ఆ పెంపకపు రీతిని తరువాత విచారించి తెలిసికొంటిమి. సాధారణముగా ఫెజెంట్ల గ్రుడ్లను నాటుకోడిక్రింద పెట్టి పొదిగింతురు. పిల్లలు లేచునుగాని వానికి కోడిబుద్ధులే వచ్చును. కోళ్ల రోగములును అంటవచ్చును. అడవికి పోవలసిన పిల్లను తల్లియే పెంచుట మేలు. జుజురాణా నేలపై గాక తరచుగా చెట్లపై గూడు పెట్టును గనుక, ఎత్తున బుట్టలు గట్టవలెను. దాగుటకు గుబురుపొదలు పెంచవలెను. ఇట్లు ఓపికతో పెంచగా పిల్లలు కలిగి, 2020వ సంవత్సరమున కొన్నిపక్షులను అడవిలో విడిచిరి.

ఒక్కొక్కప్పుడు పంజరమే తుది యాశ్రయమగును. వియత్నాము దేశపు ఎడ్వర్డ్సు ఫెజెంటు 2000వ సంవత్సరము తరువాత అడవిలో నిశ్చయముగా కనబడలేదు. 1920 ప్రాంతముల ఫ్రాన్సు దేశీయుడగు జాన్ దెలకూర్ మొదలగువారు తెచ్చి పెంచిన కొలదిపక్షుల సంతతియే నేడు వివిధదేశముల జంతుశాలలలో మిగిలియున్నది. అన్నియు దగ్గరి చుట్టములే యగుటచే, మన పెద్దలు గోత్రములు చూచి సంబంధములు కుదిర్చినట్లు, వంశావళి గ్రంథము చూచి జంటలు కూర్చుచున్నారు. వానిని మరల అడవికి చేర్చవలెనని ప్రయత్నములు జరుగుచున్నవి.

అమ్మాయీ! పెంచువారు రెండు విధములు. పక్షి తమయొద్ద నుండవలెనని పెంచువారు కొందరు. తమ యవసరము లేక అది బ్రతుకవలెనని పెంచువారు కొందరు. మా నాయనగారు ఎంతో ప్రేమతో మొదటివిధముగా పెంచిరి. ఆ సరాహను కాపలాదారు రెండవ విధమువాడు. మనము తోటలో రెండవ పని చేయలేము, మొదటిది చేయరాదు.

అయినను నీ ముచ్చట తీరు మార్గ మొకటి కలదు. తోటలో రావియో, మర్రియో, మేడియో నాటింపుము. తొర్రగల ముసలిచెట్టున్నచో నరకింపకుము. బూడిదవన్నె హార్న్‌బిల్లు పండ్లకై తానే రావచ్చును. కొని తేనక్కరలేదు.

ఇట్లు వ్రాసి నెలదినములైనది. నిన్న సమాధానము వచ్చినది. తోటలో దక్షిణపు మూలను పాత వేపచెట్టొకటి యున్నదట. దానికి తొర్రయు కలదట. కారుకొట్టము కొరకు దానిని కొట్టించుటకు బేరమైనదట. ఇప్పుడు కారుకొట్టమును తూర్పునకు జరిపించినదట. పక్షులు వచ్చునో రావో చెప్పలేము. చెట్టు మాత్రము నిలిచినది.