శనివారం ఏడో పీరియడ్

జూబ్లీ బస్ స్టేషన్‌లో సిద్దిపేట బస్సెక్కేటప్పుడు నా సంచిలో రెండే ఉన్నాయి. ఒకటి ప్రశ్నలు రాసుకున్న కాగితం. రెండోది ఒక మిత్రుడి పిల్లల కథల డీటీపీ ప్రతి. ఎలాగూ వెళ్తున్నావు కదా, టీచర్ గారి చేత దీనికి నాలుగు మాటలు ముందుమాట రాయించుకురా అని ఆయన పురమాయించాడు. షామీర్‌పేట నుంచి ప్రజ్ఞాపూర్ దాటేదాకా ప్రశ్నలే నెమరేసుకున్నాను. బళ్ళో పాఠం చెప్తూ, పిల్లలకు పుస్తకాలు రాస్తూ, పిల్లల చేత కథలు రాయిస్తూ, కొత్తగా వచ్చిన టీచర్లకు చేదోడుగా ఉంటూ వస్తున్న మనిషి ఇవన్నీ ఏ వేళ చేస్తారన్నది అందులో మొదటిది.

ఊరి పేరు, తన పేరు రాయొద్దన్నారు టీచర్. "పేరు రాస్తే ఫోన్లు పెరుగుతయి సార్" అన్నారు. సిద్దిపేట జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అనుకోండి, చాలు.

నేను చేరేసరికి మధ్యాహ్న భోజనాలు అయిపోవచ్చాయి. పిల్లలు నల్లా దగ్గర పళ్ళేలు కడుగుతున్నారు. టీచర్ స్టాఫ్ రూంలో పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని, ఎడమ చేత్తో ఫోన్లో ఏవో ఆన్‌లైన్ వివరాలు నింపుతున్నారు. నన్ను చూసి లేవబోయారు. వద్దన్నాను. "కూసోండి సార్. ఇప్పుడు తొమ్మిదో తరగతి. తర్వాత బాలసభ. మీరు నడుమ నడుమ అడుగుకుంట ఉండండి."

నడుమ నడుమ అడిగి తెలుసుకున్నది ఇది. ఆరు నుంచి పది దాకా తెలుగు అంతా ఆమెదే. వారానికి ఇరవై ఎనిమిది పీరియడ్లు. ఖాళీ పీరియడ్లలో ఎవరో ఒకరు సెలవు పెడితే ఆ తరగతి కూడా ఆమెకే వస్తుంది. ఏడాదికి ఎఫ్‌ఏలనే చిన్న పరీక్షలు నాలుగు, ఎస్‌ఏలనే పెద్ద పరీక్షలు రెండు, వాటి మార్కులు రిజిస్టర్లో ఒకసారి, ఆన్‌లైన్లో ఒకసారి. జనవరి వచ్చిందంటే పదో తరగతికి పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులు. రాత వీటికి ముందు జరగాలి. పొద్దున నాలుగున్నరకు లేచి, ఆరు గంటలకు భగీరథ నల్లా వచ్చేదాకా రాస్తారు. నల్లా వచ్చాక బిందెలు, టిఫిన్లు, బస్సు. నల్లా ఒకరోజు ఆలస్యమైతే ఇంకో పేజీ. "మా కాలనీల నీళ్ళు రాలేదని సంతోషపడేదాన్ని నేనొక్కదాన్నే" అని నవ్వారు.

రాసేది పాత ప్రశ్నపత్రాల వెనుక వైపు. మిగిలిపోయిన ప్రతులను పారేయరు. ఒకవైపు సంధులు, సమాసాలు, రెండో వైపు చెరువుగట్టు మీద బాతుల్ని కాసే పిల్లవాడి కథ. అది చిన్న నవల. నాలుగేళ్ళుగా అయిదో అధ్యాయం దగ్గరే ఉంది. జూన్ నుంచి డిసెంబరు దాకా నడుస్తుంది, జనవరిలో ఆగుతుంది, వేసవి సెలవుల్లో మళ్ళీ తీసి చూస్తే ఆ పిల్లవాడి గొంతు అందదు, మొదటినుంచి చదువుకోవాలి. ఇలాంటివి వింటే మనవాళ్ళు వెంటనే త్యాగం అనేస్తారు. నేను అనను. ఇది నష్టం. ఆ నవల నాలుగేళ్ళ క్రితం అచ్చయి ఉంటే అప్పటి ఏడో తరగతి పిల్లలు చదివేవారు. వాళ్ళిప్పుడు ఇంటర్‌లో చేరిపోయారు.

ఆమె బీరువా తలుపు లోపలివైపు ఒక పాత పేపర్ కత్తిరింపు అంటించి ఉంది. కలువకొలను సదానంద గారిది. అప్పటి చిత్తూరు జిల్లా పాకాల మనిషి, బడిపంతులు, కథకుడు, కార్టూన్లు కూడా వేసేవారు. కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారాలు మొదలుపెట్టిన 2010లోనే, 'అడవితల్లి'కి తెలుగులో అది అందుకున్నది ఆయనే. ఆయనా పాఠాలు చెప్తూనే ఇన్ని రాశారు కదా అన్నాను, కొంచెం రెచ్చగొట్టడానికే. "ఆయనకు పదకొండు వాట్సాప్ గ్రూపులు లేవు గద సార్" అన్నారు.

బీరువాలో పుస్తకాలు నాలుగు వందల పైచిలుకు. బైండు చేయించిన చందమామలు, 2008 నుంచి అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చిన 'కొత్తపల్లి' సంచికలు, బొమ్మల పుస్తకాలు, పేజీలు ఊడినవి ఒక అట్టపెట్టెలో వేరుగా. 1947 జూలైలో మొదలైన చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటినా, ఇక్కడ అది నెలనెలా వస్తున్నట్టే పిల్లలు వంతులేసుకుంటారు. ఎఫ్‌ఏ మార్కుల్లో పుస్తక సమీక్ష అని ఒకటుంటుంది. చాలాచోట్ల దాన్ని గైడు చూసి ఎక్కించేస్తారు, అందరి సమీక్షా ఒకటే. ఈమె దాన్నే చదివించడానికి వాడుకున్నారు. పాఠానికి వేరే సమయం, చదివించడానికి వేరే సమయం అక్కర్లేకుండా పోయింది. ఒక ఆరో తరగతి పిల్లవాడి సమీక్ష చూపించారు. "ఈ పుస్తకం బాగలేదు. కుక్క చచ్చిపోయింది. ఇంకోసారి చదివిన. మళ్ళ చచ్చిపోయింది." అయిదుకు అయిదు వేశారు.

బాలసభ శనివారం చివరి రెండు పీరియడ్లు. చాలా బళ్ళలో అది పాటలకు, ఉపన్యాసాలకు పోతుంది. ఇక్కడ కథలు రాసుకొచ్చిన పిల్లలు వరండాలో టీచర్ చుట్టూ కూర్చుంటారు. మిగతావాళ్ళను 2024 డీఎస్సీలో వచ్చిన ఇద్దరు కొత్త టీచర్లు చూసుకుంటారు. వాళ్ళలో ఒకరు మధ్య మధ్య వచ్చి మౌనంగా నిలబడి వింటున్నారు. ఆమె వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదట, ఆ నిలబడి వినడమే.

ఎనిమిదో తరగతి పిల్ల నోట్‌బుక్ తెరిచి చదివింది. అనగనగా ఒక ఊరిలో రామయ్య అనే రైతు, ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒకడు బద్ధకస్తుడు. కింద ఎర్ర పెన్నుతో గీత గీసి: నీతి, కష్టే ఫలి.

"మీ ఊర్లె రామయ్య ఎవరే?"

"ఎవరు లేరు టీచర్."

"మరి మీ ఇంట్ల ఎవరున్నరు?"

"అమ్మ, తమ్ముడు, బాపమ్మ. బాపమ్మ బీడీలు చేస్తది."

"దినాం ఎన్ని చేస్తది?"

"ముందుగాల వెయ్యి చేస్తుండె. ఇప్పుడు కండ్లు కనవడక ఎనిమిదొందలే."

"కట్టకు ఎన్ని?"

"ఇరవై అయిదు."

"కరెంటు పోతే ఎట్ల?"

ఆ పిల్ల కాసేపు ఆగింది. "కరెంటు పోయినా చేస్తది టీచర్. ఆకు ఈనె ఏ పక్కకున్నదో వేళ్ళకే ఎరుకట. ఒకపారి చీకట్ల దారం దొరకలే. పిల్లి ఎత్తుకపోయింది. ఇల్లంత తిప్పింది. పొద్దుగాల చూస్తే మంచం కోళ్ళకు, తలుపుకు, తమ్ముని కాలుకు..."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేశారు. టీచర్ పెన్ను ముట్టుకోలేదు. నీతి మీద డస్టర్ పెట్టి, "గిదే రాయి. పిల్లికాడ నుంచి షురూ చెయ్యి" అన్నారు.

"నీతి లేకుంటె కథ అయితదా టీచర్?"

"నువ్వు మంచిగ రాయి. మాకేమన్న అనిపిస్తే మేం చెప్తం."

గడియారం చూశాను. ఒక్క పిల్లకు ముప్పై అయిదు నిమిషాలు. ఎర్ర పెన్నుతో దిద్ది ఇస్తే అయిదు నిమిషాల పని. మన బడిపిల్లల కథల సంకలనాలు నా దగ్గర ఒక అరంతా ఉన్నాయి. పేర్లు తీసేస్తే సగానికి పైగా ఒకే మనిషి రాసినట్టుంటాయి, ఆ మనిషి వయసు నలభై పైన. దిద్దే టీచర్‌కు సమయం మిగులుతుంది, అడిగే టీచర్‌కు మిగలదు. నేను కాగితం మీద రాసుకొచ్చిన మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఆమె అన్నిటినీ సమంగా తూచి పంచడం లేదు. ఈ ముప్పై అయిదు నిమిషాలను ముట్టుకోకుండా మిగతావాటిలో కోసేస్తున్నారు. పేపర్లకు కథలు తగ్గించారు. పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్ళడం మానేశారు. నిరుటి నుంచి ముందుమాటలు రాయడం లేదు. స్టాఫ్ రూం బీరువా మీద శాలువాల మూట ఒకటి దుమ్ముపట్టి ఉంది. "ఒక్కో శాలువాకు ఒక శనివారం సార్" అన్నారు.

ఆ మాట అన్నది వరండాలో కాదు. నాకు కాగితంలో ఇంకా నాలుగు ప్రశ్నలు మిగిలాయని, హెడ్‌మాస్టర్ సారు టీ తెప్పించారని, ఆమెను మధ్యలో లేపి స్టాఫ్ రూంకు తీసుకెళ్ళాను. మేం బయటికొచ్చేసరికి చివరి బెల్లు కొట్టేశారు. తండా నుంచి వచ్చే ఏడో తరగతి పిల్లవాడు నోట్‌బుక్ గుండెలకు ఆనించుకుని స్తంభం దగ్గర నిలబడే ఉన్నాడు. గేటు దగ్గర వాళ్ళ ఆటో హారన్ కొడుతోంది.

"సోమవారం చూస్తరా టీచర్?"

"సోమవారం పరీక్ష ఉన్నది బిడ్డా. మంగళవారం."

వాడు తలూపి పరుగెత్తాడు. డీటీపీ ప్రతి నా సంచిలోంచి బయటికి తీయలేదు.

ఇలాంటి టీచర్లు మీ జిల్లాలోనూ ఉంటారు. సభకో, సన్మానానికో, నాలాగా ప్రశ్నలడగడానికో పోవాలనుకుంటే ఆదివారమో, ఎండాకాలం సెలవుల్లోనో పెట్టుకోండి. శనివారం మాత్రం వద్దు.