ముళ్ళపొదల్లో పక్షుల కాపురం

నాదర్‌గుల్ నుండి బి.ఎన్. రెడ్డి నగర్ మీదుగా వనస్థలిపురం చేరి, విజయవాడ రహదారి ఎక్కితే ఆటోనగర్ ప్రక్కనే మహావీర్ హరిణ వనస్థలి కనబడుతుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వాసులలో చాలామంది దాని ప్రక్కగా ప్రయాణం చేసినవారే. లోపలికి వెళ్ళి చూసినవారు మాత్రం తక్కువ. చూసినవారిలోనూ కొందరు, "ఇదేమి అడవి? అన్నీ ముళ్ళకంపలే గదా!" అని పెదవి విరుస్తారు.

ఒకప్పుడిది నిజాం ప్రభువుల వేటమైదానం. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో, కృష్ణజింకలను కాపాడుటకు దీనిని అభయారణ్యం చేసి ఆయన పేరు పెట్టారు. 1994లో జాతీయ ఉద్యానవనమైంది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. జింకల కోసం కాపాడిన ఈ నేల పక్షులకు కూడా ఆశ్రయమైంది.

బ్రెజిల్‌లోని రియో డి జెనీరో నగరాన్ని ఆనుకొని టిజుకా అనే దట్టమైన వర్షారణ్యం ఉన్నది. అక్కడ వర్షం విస్తారం. మన హైదరాబాదులో ఏడాదికి కురిసేది సుమారు 80 సెంటీమీటర్లే. ఆ వర్షానికి, ఈ రాతినేలకు తగినట్లుగా పెరిగినదే చిట్టడవి. ముళ్ళచెట్లు, పొదలు, వాటి నడుమ గడ్డి, బోడినేల - ఇదే దాని స్వరూపం. ఇది పాడైపోయిన అడవి కాదు. దానికదే ఒక నిండైన అడవి.

తెల్లవారుజామున వెళ్ళినవారికి ఈ సంగతి తేటపడుతుంది. పొదల మాటున కౌజుపిట్టలు కూస్తాయి. పూరేడు కాళ్ళ దగ్గరనుండే గుప్పున లేస్తుంది. ఈ రెండూ గడ్డిలో నేలమీదనే గుడ్లు పెడతాయి. తీతువు ఇంకా సాహసి. గూడంటూ కట్టకుండా గులకరాళ్ళ మధ్యనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు అచ్చం రాళ్ళలాగే ఉంటాయి. ఎవరైనా దగ్గరకు వస్తే తల్లి, తండ్రి తలపై తిరుగుతూ గోల చేస్తాయి. 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటింపబడిన పాలపిట్ట ఎండుకొమ్మపై కూర్చొని, బయలు నేలపై పాకే పురుగును చూసి దిగుతుంది. గూడు మాత్రం పాత చెట్టు తొర్రలో పెడుతుంది.

అందుచేత ముళ్ళపొదలు నరికి, బయలంతా మొక్కలు నాటితే పచ్చదనం పెరగవచ్చునేమో గాని, ఈ పక్షులకు ఇల్లు పోతుంది. ఎండిన చెట్టును కొట్టివేస్తే పాలపిట్టకు గూడుండదు. మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా తెలియక చేస్తే హాని చేయగలదు.

కడప జిల్లాలోని కలివికోడి చరిత్ర దీనికి సాక్ష్యం. 1900 తరువాత అది కనబడక పోయేసరికి ప్రపంచంలో అంతరించిందని తలచారు. 1986లో పరిశోధకుడు భరత్ భూషణ్ స్థానికుల సహాయంతో లంకమల ప్రాంతంలో దానిని తిరిగి కనుగొన్నారు. అది దొరికినది మహారణ్యంలో కాదు, ఇలాంటి చిట్టడవిలోనే! దాని నివాసం కోసం తెలుగుగంగ కాలువ మార్గాన్నే మార్చవలసి వచ్చింది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో పక్షిగూటిని గూర్చిన ఆజ్ఞ ఒకటున్నది. చెట్టుమీది గూటినే గాక నేలమీది గూటిని కూడా అది ప్రస్తావిస్తుంది. పిల్లలతో పాటు తల్లిని పట్టుకొనరాదని దాని భావం. నేలమీది గూటికి ఆ కాలంలోనే రక్షణ అవసరమైతే, నగరం చుట్టుముట్టిన ఈ రోజుల్లో ఎంత అవసరమో ఆలోచించండి.

మన ఇంటినుండే కొన్ని పనులు మొదలుపెట్టవచ్చు. అడవి అంచున, చెరువు గట్టున చెత్త వేయకూడదు. చెత్తకు వచ్చే కుక్కలు, కాకులే నేలమీది గుడ్లను తినివేస్తాయి. వేసవిలో ఎండుగడ్డికి నిప్పు పెట్టకూడదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించిన నైలాన్ మాంజాను సంక్రాంతికి పిల్లలకు కొనివ్వకూడదు. దసరాకు పాలపిట్టను పంజరంలో చూపి డబ్బులడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. ఆ రూపాయే మరో పిట్టను పట్టిస్తుంది.

ఒక శనివారం ఉదయం పిల్లలను హరిణ వనస్థలికి తీసుకొని వెళ్ళండి. మాటలు తగ్గించి, బాట దిగకుండా నడవండి. కంప అనుకున్నది కాపురమని వారు చిన్ననాడే గ్రహిస్తే, రేపు ఆ నేలకు వారే కావలివారవుతారు.