ఒక్క రాత్రి మెహమాన్

ఇస్తాంబుల్‌లో నాకు దొరికింది ఒక్క రాత్రే. సాయంత్రం దిగి, పొద్దున్నే ఇంకో విమానం ఎక్కాలి. సామాను హోటల్లో పడేసి సుల్తానహ్మెత్ వైపు నడిచాను.

చాయ్ దుకాణం ముసలాయన 'మిసాఫిర్' అంటూ పైసలు తీసుకోలేదు. ఉర్దూలో ముసాఫిర్ అంటే ప్రయాణికుడు. తుర్కీలో మిసాఫిర్ అంటే మెహమాన్. లఫ్జ్ ఒక్కటే. మనం ఇల్లు వదిలినవాడి వైపు నుంచి చూశాం, వాళ్లు తలుపు తీసినవాడి వైపు నుంచి. కితాప్, దున్యా, దోస్త్, సాబున్, హవా... చెవికి అన్నీ మా ఇంటి మాటలే. కళ్లకి మాత్రం బోర్డులన్నీ ఇంగ్లిషు అక్షరాలే.

తోప్‌కాపీ మహల్ దర్వాజా ముందు మూడో అహ్మద్ సుల్తాన్ 1728లో కట్టించిన నీళ్ల మండపం ఉంది. గోడల నిండా మన హురూఫే. మానీ తెలియకపోయినా జీమ్, సీన్, నూన్ అని కూడబలుక్కుంటుంటే, పక్కనున్న కాలేజీ పిల్లలు నన్ను వింతగా చూశారు. ఆ రాత వాళ్ల జబానే. వాళ్లకి చదవడం రాదు. 1928 నవంబరులో వచ్చిన చట్టం అరబీ లిపి తీసేసి లాటిన్ లిపి పెట్టింది.

ఒక్క నిమిషం గర్వంగా అనిపించింది. తర్వాత మా బీరువాలోని అబ్బాజాన్ ఉత్తరాలు యాదికొచ్చాయి. మా పిల్లలు ఉర్దూ గలగలా మాట్లాడతారు. మెసేజ్‌లు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే. ఉత్తరం చేతికిస్తే, "దాదా ఏం రాశారు అబ్బా?" అని నన్నే అడుగుతారు.

తుర్కీలో లిపి పోవడానికి ఒక చట్టం కావాల్సొచ్చింది. మా ఇంట్లో ఏ చట్టమూ రాలేదు. ఉత్తరాలు అలాగే ఉన్నాయి. చదివేది నేనొక్కణ్ణే.