నోట నానిన రెల్లు

దుమ్ముగూడెం నుంచి పర్ణశాల వెళ్లే దారిలో పెళ్లి ఊరేగింపు ఎదురైతే, నా చూపు క్లారినెట్ వాయించే మనిషి పెదవుల మీదికే పోతుంది. పాట ఎత్తుకునే ముందు ఆయన రీడును, అంటే మౌత్‌పీస్‌కి బిగించే రెల్లు ముక్కను, కాసేపు నోట్లో పెట్టుకుని తడుపుతాడు. ఎండిన రెల్లు సరిగా పలకదు మరి.

ఆ రెల్లుకు పేరుపడ్డ నేల దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతం. గోదావరి ఒడ్డున రెల్లుకు కొదవా! అయినా పేరు మాత్రం ఆ రెల్లుకే.

రీడు మీద అంకె ఉంటుంది: 2, 2½, 3. అంకె పెరిగేకొద్దీ బిరుసు. పెదవికి మించిన బిరుసు ఎక్కిస్తే స్వరం కన్నా గాలే ఎక్కువ వినిపిస్తుంది. మరీ మెత్తనిదైతే పైస్థాయిలో శ్రుతి జారుతుంది. కింది పెదవిని పళ్ల మీదికి కాస్త మడిచి, పై పళ్లు మౌత్‌పీస్‌కి ఆనించి, పెదవుల కొసలు బిగించాలి. కొరకకూడదు. చెప్పడానికి ఇంతే. కుదరడానికి ఏళ్లు పడుతుంది. డోలు కొట్టే చేతికి కాయలు కాస్తాయి, అందరికీ కనిపిస్తాయి. ఈ సాధన మాత్రం పెదవి లోపలే ఉండిపోతుంది.

అంకె పెంచడమే పెద్దరికమని కొందరి మురిపెం. నేను ఒప్పుకోను. డప్పుల మధ్య, నడుస్తూ, అర్ధరాత్రి దాకా ఊదేవాడికి పెదవిని అలసిపోనివ్వనిదే మంచి రీడు.