ఆదివారం షిఫ్టు

ఇంగ్లండ్‌లో చదువుకోవడానికి వెళ్లిన తెలుగు క్రైస్తవ పిల్లల విశ్వాసానికి తొలి పరీక్ష సూపర్‌మార్కెట్లో ఎదురవుతుంది. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, పీజీ చదివేవారు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ కాసిని గంటలూ ఎక్కువగా దొరికేది శని, ఆదివారాల్లోనే. 1994 చట్టం వచ్చాక అక్కడి పెద్ద దుకాణాలు ఆదివారం కూడా ఆరు గంటలు తెరుస్తున్నాయి. సరిగ్గా ఆరాధన వేళకే షిఫ్టు! 'ఆదివారం చేయను' అని ముందుగా రాసిచ్చే హక్కు దుకాణాల్లో పనిచేసేవారికి ఉంది. కానీ నెల తిరిగేసరికి అద్దె కట్టాల్సిన కుర్రాడికి ఆ కాగితం రాయడానికి చెయ్యి రాదు.

ఇంటి దగ్గర ఈ లెక్కలేవీ లేవు. గుంటూరులోనో ఏలూరులోనో పెరిగిన పిల్లలకు చర్చికెళ్లడం పొద్దున్నే పళ్లు తోముకోవడమంత మామూలు. మైకులో పాట, అమ్మ ఇస్త్రీ చేసిపెట్టిన చొక్కా, సండేస్కూల్లో వాక్యాలు అప్పజెప్పడం, డిసెంబరు వస్తే ఇంటిమీద నక్షత్రం, 31 రాత్రి ఆరాధన... రెండు వారాలు కనిపించకపోతే పాస్టరుగారే ఇంటికొస్తారు. 'నువ్వు నమ్ముతున్నావా?' అని మాత్రం ఎవరూ అడగరు.

అక్కడ అడుగుతారు. తోటి విద్యార్థి కాఫీ తాగుతూ 'నిజంగానే నమ్ముతావా?' అంటే అందులో వెక్కిరింపు ఉండదు, ఆశ్చర్యం ఉంటుంది. వాళ్లింట్లో చర్చికెళ్లిన ఆఖరి మనిషి ఏ నాయనమ్మో అయి ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో క్రైస్తవులమని చెప్పుకున్నవారు 2001లో దాదాపు 72 శాతం. 2011కి 59 శాతానికి, 2021కి 46 శాతానికి తగ్గారు. ఏ మతమూ లేదన్నవారు అదే 20 ఏళ్లలో 15 నుంచి 37 శాతానికి పెరిగారు. రాజుగారు నేటికీ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు అధిపతే. పార్లమెంటు ఎగువసభలో బిషప్పులు ఇంకా కూర్చుంటున్నారు. బ్రిస్టల్‌లో ఒక పాత చర్చి మాత్రం గోడలెక్కడం నేర్పే కేంద్రమైపోయింది.

రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు ఆ దేశం నుంచే 1841లో మచిలీపట్నం వచ్చారు. 1843లో నోబుల్ పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. 1912లో దోర్నకల్‌కు బిషప్పైన అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పు. ఇప్పుడు ఈ గడ్డ పిల్లలు అక్కడికెళ్లి, సగం ఖాళీగా ఉన్న బల్లల మీద నెరిసిన తలల మధ్య కూర్చుంటున్నారు.

కొందరు మెల్లగా మానేస్తారు. మొదటి వారం అలసట, రెండో వారం షిఫ్టు, మూడో వారానికి అలవాటు. ఇంటి నుంచి ఫోనొస్తే 'వెళ్లానమ్మా' అని అబద్ధం. దేవుణ్ణి వదిలేయడం కన్నా ఆ అబద్ధమే ఎక్కువ గుచ్చుతుంది. ఇంకొందరు అద్దె హాల్లో సాయంత్రం పూట కూడుకునే తెలుగు సంఘాన్ని వెతుక్కుంటారు. పాట కోసం వెళ్తారు, తర్వాత పెట్టే కూరన్నం కోసమూ వెళ్తారు. అందులో తప్పేం లేదు.

మిగిలినవారికి ప్రశ్నలు మిగులుతాయి. చర్చితో సంబంధమున్న ఒక వ్యక్తి పిల్లలపై సాగించిన అకృత్యాల విషయంలో సరిగా స్పందించలేదన్న విమర్శలతో 2024 నవంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు. 'దీనికేమంటావ్?' అని స్నేహితుడు అడిగితే సండేస్కూల్లో నేర్చుకున్న జవాబు సరిపోదు. తప్పును తప్పని ఒప్పుకుంటూనే ప్రార్థన మానకుండా ఉండటం నేర్చుకోవాలి. ఆ వయసులో అది పెద్ద చదువే. అలా నిలిచిన నమ్మకం అమ్మానాన్నలు ఇచ్చిందే అయినా ఇక పిల్లల సొంతమవుతుంది.

అది నిలవాలంటే ఇంట్లోవాళ్లూ ఒక పని చేయాలి. ఫోన్లో 'చర్చికెళ్లావా?' అనడానికి ముందు 'ఈ ఆదివారం పనుందా నాన్నా? తిన్నావా?' అని అడగాలి. నిజం చెప్పినా తిట్టరన్న ధైర్యం ఉంటే పిల్లలు అబద్ధమాడరు. దీపం పెట్టుకున్నావా, నమాజు చేశావా అని అడిగే ఇళ్లకూ ఇదే మాట.